సిడ్నీ ఫనెల్-వెబ్ ఒకటి కాదు, మూడు: ఎలా పోల్చుకోవాలి, ఎక్కడ ఆగాలి

ఆస్ట్రేలియాలో గరాటు గూడు కట్టే విష సాలీడు సిడ్నీ ఫనెల్-వెబ్ అంటే 2025 జనవరి దాకా ఒకే ఒక్క జాతి, ఏట్రాక్స్ రోబస్టస్. ఆ నెలలో వెలువడిన పరిశోధనతో అది మూడైంది. సిడ్నీ నార్త్ షోర్, సెంట్రల్ కోస్ట్ వైపు ఉండేదానికి 1877 నాటి రోబస్టస్ అన్న పేరే మిగిలింది. దక్షిణానికీ, పడమట బ్లూ మౌంటెన్స్‌కీ విస్తరించిన దానికి మోంటానస్ అన్న పేరు తిరిగొచ్చింది. 1914లో రెయిన్‌బో అనే శాస్త్రవేత్త పెట్టిన ఆ పేరును తర్వాతివాళ్లు రోబస్టస్‌లో కలిపేసి మూలన పడేశారు. న్యూకాసిల్ చుట్టూ సుమారు 25 కిలోమీటర్ల లోపల దొరికే భారీ సాలీడు మాత్రం పూర్తిగా కొత్త జాతి, ఏట్రాక్స్ క్రిస్టెన్సెని. వీటిని ముందుగా పసిగట్టి శాస్త్రవేత్తల దృష్టికి తెచ్చిన కేన్ క్రిస్టెన్‌సెన్ పేరు మీద పెట్టారు. జనం నోట్లో దాని పేరు 'బిగ్ బాయ్'.

ఈ వార్త వచ్చాక జరిగిందేమిటంటే, నల్లగా నిగనిగలాడే సాలీడు ఫొటో ఎక్కడ కనిపించినా కింద ఎవరో ఒకరు మూడింట్లో ఒక పేరు రాసేయడం. పెద్దగా ఉంటే క్రిస్టెన్సెని, కొండల్లో దొరికితే మోంటానస్. ఇది పోల్చుకోవడం కాదు, ఊహించడం. ఫనెల్-వెబ్ విషయంలో పేరు పెట్టడం కన్నా ఎక్కడ ఆగాలో తెలియడం పెద్ద విద్య. కుటుంబం దాకా మంచి ఫొటోతో వెళ్లొచ్చు. ప్రజాతి దాకా వెళ్లాలంటే దాదాపు ఎప్పుడూ ఎదిగిన మగది కావాలి. జాతి దాకా వెళ్లాలంటే సూక్ష్మదర్శిని కావాలి, చాలాసార్లు డీఎన్ఏ కూడా కావాలి.

ముందు మనవాళ్లకు ఒక మాట. ఊళ్లో చేలగట్ల మీద, గడ్డిలో, పొద్దున్నే మంచు పట్టి తెల్లగా కనిపించే గరాటు గూళ్లు చూసే ఉంటారు. అవి ఎక్కువగా హిప్పాసా అనే తోడేలు సాలీళ్లవి. వాటి వల్ల మనిషికి ప్రమాదం లేదు, ఈ ఆస్ట్రేలియా సాలీళ్లతో చుట్టరికమూ లేదు, గూడు ఆకారం ఒక్కటే కలిసింది. ఫనెల్-వెబ్‌లది ఏట్రాసిడే కుటుంబం, అది ఆస్ట్రేలియాలో తప్ప ఇంకెక్కడా లేదు. వీటికి దూరపు బంధువు కావాలంటే మన గుత్తి పేరుతో లోకానికి తెలిసిన నీలం టరాంటులా ఉంది, పోసిలోథీరియా మెటాలికా. రెండూ మైగలోమార్ఫ్ వర్గానివి. ఈ వర్గంలో కోరలు పక్కపక్కనే సమాంతరంగా ముందు నుంచి కిందికి దిగుతాయి. ఇంట్లో గోడల మీద తిరిగే మామూలు సాలీళ్లకు కోరలు ఎడమ, కుడి వైపుల నుంచి వచ్చి ఒకదానికొకటి ఎదురుపడతాయి. మొట్టమొదట చూడాల్సింది ఇదే. కోరలు ఎదురుపడుతున్నాయంటే అది ఫనెల్-వెబ్ కాదు, అక్కడితో ఆపేయొచ్చు. సిడ్నీలో కిటికీ ఫ్రేముల మూలల్లో చిక్కుబడ్డ గూడు కట్టే నల్ల ఇంటి సాలీడు, బడుమ్నా, ఇక్కడే పక్కకు పోతుంది.

కోరలు సమాంతరంగా ఉన్నాయనుకుందాం. ఇప్పుడు వెనక చివర చూడండి. ఫనెల్-వెబ్‌కి పొట్ట చివర దారం తీసే అవయవాలు, అంటే స్పిన్నరెట్లు, ఒక జత పొడవుగా, సన్నగా, కణుపులతో బయటికి వచ్చి ఉంటాయి. చివరి కణుపు వెడల్పు కన్నా పొడవు ఎక్కువ. ఇదే మైగలోమార్ఫ్ వర్గంలోని ట్రాప్‌డోర్ సాలీళ్లకూ మౌస్ స్పైడర్లకూ ఇవి పొట్టిగా, మొండిగా ఉంటాయి. తర్వాత వీపు ముందు భాగం, అంటే కారపేస్. ఫనెల్-వెబ్‌ది దాదాపు వెంట్రుకల్లేకుండా, నూనె రాసినట్టు మెరుస్తుంది. సిడ్నీ బ్రౌన్ ట్రాప్‌డోర్‌కి అక్కడ సన్నటి బంగారు రంగు నూగు ఉంటుంది. ఇక కళ్లు. ఎనిమిదీ తల ముందు ఒకే చోట గుత్తిగా ఉంటే ఫనెల్-వెబ్ వైపు మొగ్గు. తల అంచు పొడవునా ఎడంగా పరుచుకుని ఉండి, తల పెద్దగా ఉబ్బి, దవడలు లావుగా ఉంటే మౌస్ స్పైడర్. చివరగా నోటి కింద ఉండే చిన్న పలక, లేబియం. ఫనెల్-వెబ్‌కి దాని నిండా పొట్టి మొద్దు ముళ్లు కిక్కిరిసి ఉంటాయి. ఇది కనపడాలంటే సాలీడు వెల్లకిలా ఉండాలి, పదింతలు పెద్దది చేసే కటకం కావాలి. బతికున్నదాన్ని వెల్లకిలా తిప్పే ప్రయత్నం చేయొద్దు. గాజు సీసాలో ఉంచి కింది నుంచి చూస్తే చాలు.

మౌస్ స్పైడర్‌ని తక్కువగా తీసుకోవద్దు. తూర్పు జాతి, మిస్సులీనా బ్రాడ్లీ, మగదానికి పొట్ట పైన ముందువైపు లేత నీలి మచ్చ ఉంటుంది. దాని విషం కూడా ఫనెల్-వెబ్ విషంలాగే నరాలపై పనిచేస్తుంది, ఫనెల్-వెబ్ విరుగుడే దానికీ పనికొస్తుంది.

రంగు గురించి ఒక్క ముక్క: పక్కన పెట్టేయండి. నీలి నలుపు నుంచి ముదురు గోధుమ దాకా ఒకే జాతిలో కనిపిస్తాయి. కుబుసం విడిచిన వెంటనే పాలిపోయి ఉంటాయి. ఆల్కహాల్‌లో పెడితే ఎరుపుకి తిరుగుతాయి.

ఇక ప్రజాతి. ఏట్రాసిడేలో మూడే ప్రజాతులు: ఏట్రాక్స్, హాడ్రోనైకి, ఇల్లవారా. మూడోదాంట్లో ఒక్కటే జాతి, ఇల్లవారా విషార్టి, సిడ్నీకి దక్షిణాన ఇల్లవారా ప్రాంతంలో ఉంటుంది. జాతుల్లో ఎక్కువ భాగం హాడ్రోనైకివే. బ్లూ మౌంటెన్స్‌లో హాడ్రోనైకి వర్సూటా, చెట్ల తొర్రల్లో గూడు కట్టే సెర్బీరియా, ఉత్తర న్యూ సౌత్ వేల్స్ నుంచి ఆగ్నేయ క్వీన్స్‌లాండ్ దాకా ఉండే ఫార్మిడబిలిస్, ఇవన్నీ హాడ్రోనైకి జాతులే. మెల్‌బోర్న్ చుట్టుపక్కల మనవాళ్లకు కనిపించే మోడెస్టా కూడా అదే ప్రజాతి. మెల్‌బోర్న్‌లో సిడ్నీ ఫనెల్-వెబ్ దొరికిందని అరిచేముందు ఈ సంగతి గుర్తుంటే చాలు.

మగదానిలో ఏట్రాక్స్‌ని పట్టించేది రెండో కాలు. ఆ కాలికి టిబియా అనే కణుపు మధ్యలో, లోపలి వైపు, శంకువు ఆకారంలో మొనదేలిన పెద్ద ముల్లు ఉంటుంది. జతకట్టేటప్పుడు ఆడదాన్ని పైకెత్తి, దాని కోరలు తనకు తగలకుండా పట్టుకోవడానికి వాడుతుంది. హాడ్రోనైకి మగవాటిలో ఎక్కువ జాతులకు అదే చోట మొనదేలిన ముల్లు ఉండదు, మొద్దుగా గుండ్రటి ఉబ్బు, దాని మీద చిన్న చిన్న ముళ్లు ఉంటాయి.

ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే, కారణం కాళ్ల లెక్క. మైగలోమార్ఫ్‌లకు నోటి పక్కనుండే పాల్పులు కాళ్లంత పొడవుగా ఉంటాయి. కొత్తవాళ్లు వాటిని మొదటి కాలుగా లెక్కేస్తారు. అప్పుడు అసలు మొదటి కాలు రెండోదవుతుంది. సిడ్నీ బ్రౌన్ ట్రాప్‌డోర్ మగదానికి ముల్లు ఉండేది మొదటి కాలి మీదే, అదీ జంటగా. లెక్క తప్పితే ఆ ముల్లు రెండో కాలి మీద ఉన్నట్టు తేలుతుంది, పాపం ట్రాప్‌డోర్ కాస్తా ఫనెల్-వెబ్ అయిపోతుంది. అందుకే వెనక నుంచి లెక్కపెట్టండి: నాలుగు, మూడు, రెండు, ఒకటి. మిగిలింది పాల్పు. కాలు ఊడిపోయి ఉంటే కారపేస్ కింద కాలి మొదళ్లను లెక్కపెట్టాలి, కాలు పోయినా మొదలు మిగులుతుంది. టిబియా ఎక్కడో తేల్చుకోవడానికి కూడా మొదలు నుంచే లెక్క: ఐదో కణుపు టిబియా, ఆ తర్వాత మెటాటార్సస్, టార్సస్. ట్రాప్‌డోర్ మగదాన్ని పట్టించే ఇంకో గుర్తు పాల్పు చివర. అది లావుగా ఉబ్బి ఉంటుంది, ఆస్ట్రేలియావాళ్లు బాక్సింగ్ గ్లవ్ అంటారు.

మగది ఎదిగిందా లేదా అన్నది కూడా చూడాలి. ఎదిగినదానికి పాల్పు చివర కింద వీర్యం నింపుకునే బుడ్డి వేలాడుతుంది. దాని కొన సన్నగా సాగి ఉంటుంది, ఆ కొనని ఎంబోలస్ అంటారు. అచ్చం మందు చుక్కలు వేసే డ్రాపర్‌లా పనిచేస్తుంది. చివరి కుబుసానికి ముందున్న మగదానికి పాల్పు కొన ఉబ్బినట్టుంటుంది కానీ బుడ్డి బయటపడదు, కాలి ముల్లు కూడా ఉండదు. అలాంటిది చేతిలో ఉంటే ప్రజాతి దగ్గరే పేరు ఆపేయాలి, చాలాసార్లు అంతకన్నా ముందే.

ఆడవాటిలో ఈ ముళ్లూ లేవు, బుడ్డీ లేదు. మామూలు సాలీళ్లలో ఆడదాని పొట్ట కింద గట్టి పలక ఒకటి ఉండి, జాతిని చెప్పేస్తుంది. మైగలోమార్ఫ్‌లకు ఆ పలకే లేదు. తల ఎత్తు, కారపేస్ పొడవు వెడల్పుల నిష్పత్తి, లేబియం మీది ముళ్ల వరసలు, ఇవి అనుభవజ్ఞులకు కొంత దారి చూపిస్తాయి, అంతే. ఫొటోలో ఆడదాన్ని చూసి ఏట్రాక్స్, హాడ్రోనైకి విడదీశానని ఎవరైనా గట్టిగా అంటే, ఆ ధీమాకి ఆధారం సాధారణంగా దొరికిన చోటే అయివుంటుంది. చోటు మంచి ఆధారమే, కాకపోతే ఒంటరిగా సరిపోదు. కుండీ మట్టిలో, కట్టెల మోపుల్లో ఇవి ఊళ్లు దాటుతాయి.

ఇప్పుడు అసలు చిక్కు, మూడు ఏట్రాక్స్‌లు. మూడింటికీ రెండో కాలి ముల్లుంది, మూడూ నేలలో బొరియ తవ్వి, పట్టు అస్తరు వేసి, నోటి దగ్గర అడ్డదిడ్డంగా దారాలు పరుస్తాయి. తేడా ఎక్కడుందంటే మగదాని పాల్పు బుడ్డి, ఎంబోలస్ కొలతల్లో, ఆడదాని పొట్ట లోపల వీర్యం దాచుకునే సంచుల ఆకారంలో, డీఎన్ఏలో. పరిశోధకులు కూడా ఈ మూడు ఆధారాలనూ కలిపి చూశాకే జాతుల్ని విడదీశారు. వాళ్లకు మూడూ అవసరమైతే మనకు ఒక్క ఫోన్ ఫొటో ఎలా చాలుతుంది?

పాల్పు చూసే పద్ధతి ఇది. చచ్చిన సాలీడును 70 నుంచి 80 శాతం ఇథనాల్‌లో ఉంచాలి. ఎడమ పాల్పునే వాడాలి. పుస్తకాల్లో, పరిశోధన పత్రాల్లో బొమ్మలన్నీ ఎడమదానివే, కుడిది పెడితే అంతా అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా కనిపిస్తుంది. చిన్న గిన్నెలో సన్న ఇసుక పరిచి, ఆల్కహాల్ పోసి, అందులో పాల్పుని గుచ్చి నిలబెడితే కదలదు. స్టీరియో సూక్ష్మదర్శినిలో 20 నుంచి 40 ఇంతలు పెద్దది చేసి బయటి వైపు నుంచి ఒకసారి, లోపలి వైపు నుంచి ఒకసారి చూడాలి. ఎంబోలస్ కొంచెం మనవైపు వంగినా పొట్టిగా కనిపిస్తుంది. కొలత తప్పుల్లో ఎక్కువ భాగం ఈ వంపు వల్లే. బుడ్డి మొదలు, కొన రెండూ ఒకేసారి ఫోకస్‌లోకి వచ్చేదాకా తిప్పి, అప్పుడు కొలవండి. ఎంబోలస్ కొన విరిగి ఉందేమో కూడా చూడండి, ముసలి మగవాటిలో అలా జరుగుతుంది.

ఒంటి పొడవు కొలిచి రాస్తారు చాలామంది. అది దాదాపు పనికిరాని అంకె. తిన్న పూట పొట్ట ఉబ్బుతుంది, ఆకలి మీద ముడుచుకుంటుంది, ఆల్కహాల్‌లో ఇంకా ముడుచుకుంటుంది. కారపేస్ పొడవు కొలవండి: కళ్ల ముందరి అంచు నుంచి వెనక అంచు మధ్య దాకా, తిన్నగా పై నుంచి. అది గట్టి భాగం, కుబుసం విడిచేదాకా మారదు. పత్రికల్లో వచ్చే 9 సెంటీమీటర్ల లెక్క కాళ్లు చాపిన కొలత. న్యూకాసిల్ మగవాటిలో అంత పెద్దవి దొరికిన మాట నిజమే. అలాగని పెద్దదల్లా క్రిస్టెన్సెని కాదు, న్యూకాసిల్‌లో దొరికిన చిన్నది క్రిస్టెన్సెని కాకుండా పోదు. తిండిని బట్టి ఒకే జాతిలో పరిమాణం చాలా మారుతుంది.

ఆడదాని సంచులు చూడాలంటే కోత తప్పదు. పొట్ట కింద ముందువైపు రెండు పుస్తకపు ఊపిరితిత్తుల (పుటల్లాంటి పొరలుండే శ్వాస అవయవాలు) మధ్య అడ్డంగా ఒక గాడి ఉంటుంది. దానికి కాస్త ముందు సన్న కత్తెరతో కోసి, ఆ చర్మపు ముక్కను లేపితే లోపలి వైపు జంట సంచులు కండలో కప్పబడి ఉంటాయి. ఆ ముక్కను లాక్టిక్ ఆమ్లంలో గానీ లవంగ నూనెలో గానీ ఉంచితే కండ పారదర్శకమై సంచులు తేలతాయి. కండ మొండిగా ఉంటే 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ వాడతారు, కానీ దాన్ని మర్చిపోయి వదిలేస్తే సంచులు కూడా పారదర్శకమై గీత కనపడదు. కొద్దిసేపటికోసారి తీసి చూస్తుండాలి. ఎదగని ఆడదానిలో సంచులు సగం రూపంలోనే ఉంటాయి, వాటితో జాతి చెప్పకూడదు. ఒకే సాలీడులో ఎడమ, కుడి సంచులు తేడాగా ఉండటం మామూలే, కాబట్టి ఒకదాన్ని మాత్రమే బొమ్మ గీసి తీర్పివ్వొద్దు.

చంపకుండా చూసే మార్గం కూడా ఉంది. ఆడది కుబుసం విడిచినప్పుడు ఆ సంచుల లోపలి పొర కూడా కుబుసంతోనే వచ్చేస్తుంది. పెంచేవాళ్లు కుబుసాన్ని తడి ఆరకముందే తీసి, సబ్బు కలిపిన నీళ్లలో మెత్తబరిచి, పొట్ట భాగం మెల్లగా విప్పి చూడొచ్చు. ఎండిపోయాక లాగితే చిరుగుతుంది.

డీఎన్ఏ కోసం ఒక్క కాలు చాలు. వాడుకగా కుడివైపు మూడోది తీస్తారు, పోల్చుకోవడానికి పనికొచ్చే రెండో కాళ్లు జాగ్రత్తగా మిగలాలి కదా. దాన్ని 95 శాతానికి పైనున్న ఇథనాల్‌లో వేసి ఫ్రీజర్‌లో ఉంచాలి. ఫార్మలిన్ తగిలితే డీఎన్ఏ పాడవుతుంది. వచ్చిన డీఎన్ఏ వరసను డేటాబేస్‌లతో సరిపోల్చేటప్పుడు ఒక గొయ్యి ఉంది: 2025కి ముందు రోబస్టస్ అని పేరు పెట్టి ఎక్కించినవి ఇప్పుడు మూడింట్లో ఏదైనా కావొచ్చు. పేరు కలిసిందని సంబరపడకుండా ఆ నమూనా ఎక్కడిదో చూడండి.

ఇదే గొయ్యి విషం గురించిన పాత రాతల్లోనూ ఉంది. 1927 నుంచి 1981 మధ్య ఈ సాలీడు కాటు వల్ల 13 మంది చనిపోయినట్టు నమోదైంది, అన్నీ మగ ఏట్రాక్స్ రోబస్టస్ ఖాతాలోనే. అప్పట్లో ఆ పేరు మూడు జాతులనూ కప్పేది. 1981లో శాస్త్రవేత్త స్ట్రువాన్ సదర్లాండ్ బృందం చేసిన విరుగుడు వాడకంలోకి వచ్చింది. ఆ తర్వాత నిర్ధారణ అయిన మరణం లేదు. అదృష్టమేమిటంటే ఆ విరుగుడు ఏట్రాక్స్‌లకీ, హాడ్రోనైకిలకీ పనిచేస్తుంది. అంటే ఆసుపత్రిలో ఎవరూ ఎంబోలస్ కొలవనక్కర్లేదు. కాటు వేసింది పెద్ద నల్ల సాలీడైతే ఫనెల్-వెబ్ అనుకునే వ్యవహరించాలి. వెడల్పు సాగే పట్టీని కాటు మీద నుంచి మొదలుపెట్టి చేయో కాలో మొత్తం గట్టిగా చుట్టి, బద్ద కట్టి, మనిషిని కదలనివ్వకుండా ఆస్ట్రేలియా అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి. కాటుకి పైన తాడు బిగించడం, కోయడం, పీల్చడం వద్దు.

సిడ్నీలో మనవాళ్లు ఎక్కువగా ఉండే పడమటి మైదానం కన్నా దాని చుట్టూ ఉన్న ఎత్తు ప్రాంతాల చెట్ల నీడల్లో, తడి నేలల్లో ఇవి ఎక్కువ. ఇళ్లలోకి వచ్చేవి దాదాపు అన్నీ మగవి, ఎండాకాలంలో, శరదృతువులో, అంటే అక్కడి లెక్కన సుమారు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, వాన పడ్డ రాత్రుల్లో ఆడవాటిని వెతుక్కుంటూ తిరుగుతాయి. స్విమ్మింగ్ పూల్ అడుగున కదలకుండా పడున్నది చచ్చిందనుకోవద్దు. ఒంటి వెంట్రుకల్లో గాలి బుడగ పట్టుకుని గంటల తరబడి, కొన్నిసార్లు ఒక రోజు దాకా బతుకుతుంది. నున్నటి గాజును, ప్లాస్టిక్‌ను ఇవి ఎక్కలేవు. వెడల్పు మూతి సీసా బోర్లించి, కిందినుంచి గట్టి అట్ట జరిపి, తిప్పి, మూత పెట్టేయడం తెలిసినవాళ్లకు సులువు. చేయి ఎప్పుడూ అట్టకి అవతలే ఉండాలి. బతికున్న మగవాటిని విరుగుడు తయారీకి విషం తీయడం కోసం సోమర్స్‌బీలోని ఆస్ట్రేలియన్ రెప్టైల్ పార్క్ తీసుకుంటుంది.

ఫొటో పంపి పేరు అడగాలంటే నాలుగు కోణాలు ఉండాలి: పై నుంచి మొత్తం, ముందు నుంచి కళ్లు, పక్క నుంచి స్పిన్నరెట్లు, సీసా అడుగు నుంచి రెండో కాలి లోపలి వైపు. పక్కన స్కేలు పెట్టండి, నాణెం వద్దు, నాణేలు దేశానికొక సైజు. ఫ్లాష్ వెలుగు కారపేస్ మీద పడి ముల్లు నీడలో కలిసిపోతుంది, పగటి వెలుతురే మేలు.

చీటీ మీద తేదీ, అక్షాంశ రేఖాంశాలు, దొరికింది బొరియలోనా, కట్టె కిందనా, పూల్‌లోనా, మగదా ఆడదా, ఎదిగిందా లేదా రాయండి. పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి, బాల్ పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పేరు దగ్గర మాత్రం తెలిసినంతే: 'ఏట్రాక్స్, ఆడది, జాతి తేలలేదు' అని రాసిన చీటీ పదేళ్ల తర్వాత కూడా పనికొస్తుంది. ఊహించి రోబస్టస్ అని రాసిన చీటీని తర్వాత చూసేవాళ్లు సీసా విప్పి మొదట్నుంచీ మళ్లీ చూడాల్సొస్తుంది.